మతం లేని పిల్ల కోసం శంషాబాద్ దాకా

శంషాబాద్ వెళ్ళొచ్చానంటే మా భీమవరంలో ప్రతివాళ్ళూ ఏ దేశం వెళ్ళారండీ అనే అడిగారు. దుబాయా, సింగపూరా అని. ఏ దేశమూ కాదు, శంషాబాదే వెళ్ళాను, అక్కడే ఉన్నాను, అక్కణ్ణించే తిరిగొచ్చాను అంటే నా వంక జాలిగా చూశారు. మా వాళ్ళ దృష్టిలో శంషాబాద్ ఊరు కాదు, గుమ్మం. దాటి అవతలకి పోవడానికే తప్ప ఉండడానికి కాదు. కానీ ఆ గుమ్మం మీద కూడా జనం కాపురాలు చేస్తున్నారు. వాళ్ళ దగ్గరికి ఎవరూ వెళ్ళరు కాబట్టి నేను చూసింది చెప్తాను.

ముందు, వెళ్ళిన పని. నేను ఆడపిల్లల కాలేజీలో లైబ్రేరియన్ని. పిల్లలు చదివే పుస్తకాల మీద పత్రికలకి నాలుగు ముక్కలు రాస్తుంటాను. ఆ ముక్కల్లో కారం ఎక్కువని పేరు. హైదరాబాద్ ప్రచురణ సంస్థ ఒకటి కౌమారంలో ఉన్న పిల్లల కోసం నవలల పోటీ పెట్టి, ముగ్గురు న్యాయనిర్ణేతల్లో నన్నూ ఒకదాన్ని చేసింది. కారం కొంచెం ఉంటే బాగుంటుందనుకున్నారేమో. చివరికి రెండు నవలలు మిగిలాయి. వాటిలో ఒకటే అచ్చవుతుంది. అది తేల్చడానికి ఎయిర్‌పోర్టు దగ్గర హోటల్లో సమావేశం.

దారి తప్పి బడంగ్‌పేట్

రాత్రి బస్సు ఎల్బీనగర్‌లో దింపింది. నిద్ర మొహంతో ఆటో ఎక్కి, ఎయిర్‌పోర్టు దగ్గర హోటల్ అన్నాను. కాసేపటికి చూస్తే అన్నీ కొత్త ఇళ్ళు, సగం లేచిన గోడలు, ప్రతి గోడ మీదా ఎయిర్‌పోర్టుకు పది నిమిషాలు అని రాతలు. ఊరి పేరు చూస్తే బడంగ్‌పేట్. ఇక్కడికెందుకు తెచ్చావయ్యా అంటే ఆటో అతను చాలా నిమ్మళంగా, "ఎయిర్‌పోర్టు దగ్గర అన్నవు గదక్కా. గీడ అన్నీ దగ్గర్నే" అన్నాడు. గోడలు కూడా అతని పక్షానే సాక్ష్యం చెప్తున్నాయి. ఇక ఏం వాదిస్తాను?

వాదించాననుకోండి. ఆరాంఘర్ చౌరస్తా దాకా వాదించాను. అక్కడ దింపేసి, జర పైలంగా పో అక్కా అని దీవించి మరీ వెళ్ళాడు.

ఆరాంఘర్‌లో నాలుగు దిక్కుల లారీలూ బస్సులూ ఒకదాని మీద ఒకటి అరుచుకుంటుంటే, పక్కన ఒక చిన్న హోటల్లో జనం ప్రశాంతంగా ఖిచిడీ తింటున్నారు. మా ఇంట్లో ఖిచిడీ అంటే ఒంట్లో బాగోని వాళ్ళకి పెట్టేది. ఇక్కడ పొద్దున్నే పనికెళ్ళే మగాళ్ళు దాని మీద కీమా వేసుకుని, నువ్వులు నూరిన పులుసు, ఖట్టా అంటారు, పోసుకుని తింటున్నారు. నేనూ తిన్నాను. మా జిల్లా రుచుల గురించి నేను ఇన్నాళ్ళూ కొట్టిన డప్పు కాస్త తగ్గించాలనిపించింది.

తలమీద విమానాలు

మా సమావేశం జరిగే హోటల్ మీదుగా విమానాలు తెగ వెళ్తాయి. వాక్యం మధ్యలో ఆగిపోయి, అది పోయాక మళ్ళీ అందుకోవాలి. నాబోటి దానికి అంతకంటే శిక్ష లేదు.

మిగతా ఇద్దరు న్యాయనిర్ణేతలు ఎవరంటే, ప్రసాదరావు గారు, ఎన్నో ఏళ్ళు ప్రైవేటు బడి నడిపిన పెద్దమనిషి, మా ముగ్గురికీ అధ్యక్షుడు. రెండో ఆవిడ మాధురి, ఆ సంస్థలోనే సంపాదకురాలు, ఎవరు ఏమన్నా రాసుకునే పిల్ల. ప్రసాదరావు గారు చెడ్డవాడు కాదు. ఈ మాట ఇప్పుడే చెప్పేస్తున్నాను, తర్వాత చెప్పబుద్ధి కాకపోవచ్చు.

మొదటి నవలలో బెంగళూరు అపార్టుమెంటు కుర్రాడు ఒకడు కలలోంచి ప్రాచీన గురుకులంలోకి జారిపడతాడు. ముని మంత్రం ఉపదేశిస్తాడు. ఆ మంత్రంతో రాక్షసుణ్ణి చంపి, తిరిగొచ్చి ప్రవేశ పరీక్షలో ర్యాంకు కూడా కొడతాడు. రెండోది సబియా అనే అమ్మాయి రాసింది. సొంతూరు శంషాబాదే, ఎయిర్‌పోర్టు సరుకుల విభాగంలో షిఫ్టు ఉద్యోగం. ఆమె నవలలో రేష్మ అని ఇంటర్ చదివే పిల్ల. వాళ్ళ ఊళ్ళో మొహర్రం నెలలో పీర్లను, కర్రలకు తొడిగిన లోహపు పంజాలను, నిలబెడతారు. పీరుకు కట్టే రంగు గుడ్డను దట్టీ అంటారు. దట్టీ కట్టేది రేష్మ వాళ్ళ ముస్లిం కుటుంబం, పీరునెత్తుకుని ఊరేగేది హిందువులైన ఒక రైతు కుటుంబం. తాతల నాటి ఏర్పాటు. ఒక ఏడు రేష్మ వాళ్ళన్న ఇది మన మతం కాదంటాడు, అటు రైతు కొడుకు ఇది మన మతం కాదంటాడు. దట్టీ కట్టేవాళ్ళు లేక పీరు అలాగే ఉండిపోతే ఆ పిల్లే వెళ్ళి కడుతుంది. కడుతూ, అసలు నేను దీన్ని నమ్ముతున్నానా అని తనను తాను అడుగుతుంది. జవాబు దొరకదు. చదివి, మొదటి పేజీకి వెళ్ళి మళ్ళీ మొదలుపెట్టాను.

మొదటి నవల మీద వీళ్ళిద్దరి అభిప్రాయం: సాహసం, విలువలు. రెండో దాని మీద: శైలి బాగుంది, మతపరమైన అంశాలు తీసేయాలి.

"ముని చెప్పిన మంత్రం ఏమిటండీ, లెక్కల సూత్రమా?" అన్నాను.

"అది సంస్కృతి, వరలక్ష్మి గారూ."

"రేష్మ చేసే దువా?"

"అది మతం."

"గీత ఎక్కడ గీశారండీ?"

విమానం వెళ్ళింది. అది వెళ్ళాక ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

అప్పుడు నేను ఎత్తుకున్నాను. మా లైబ్రరీలో బీరువాల మధ్య నేల మీద కూచుని పిల్లలు చెప్పే కష్టాలు నాకు తెలుసు. చర్చికి రానన్నందుకు అమ్మ మాట్లాడటం మానేసిన పిల్ల ఉంది. మార్కుల కోసం వరసగా సోమవారాలు ఉపవాసముండి, ఫెయిలై, దేవుడి పటం గోడకి తిప్పిపెట్టిన పిల్ల ఉంది. ఇంట్లో ఎవరూ అడగకుండానే బురఖా వేసుకున్న పిల్లా ఉంది, అందరూ అడుగుతున్నా తీసేసిన పిల్లా ఉంది. వీళ్ళ కోసమని మనం అచ్చేసే నవలల్లో ఫోనుంటుంది, ప్రేముంటుంది, ర్యాంకుంటుంది, చావు కూడా ఉంటుంది. దేవుడితో పోట్లాట మాత్రం ఉండదు. దేవుడితో పోట్లాడకుండా ఆ వయసు ఎవరికి గడిచిందండీ?

ప్రసాదరావు గారు ఓపిగ్గా విన్నారు. ఆయన బడిలో ఒకసారి వార్షికోత్సవం నాటికలో పిల్లవాడి చేత నమాజు టోపీ పెట్టించారట. ఒక తండ్రి దాన్ని ఫోటో తీసి ఏదో గ్రూపులో పెట్టాడు. మర్నాడు గేటు దగ్గర నిలబడి అందరికీ క్షమాపణ చెప్పాను, ఏ తప్పు చేశానో ఇప్పటికీ తెలీదు అన్నారు. బళ్ళు కొంటేనే పుస్తకం బతుకుతుంది, బళ్ళు భయపడతాయి. ఆ మాట అబద్ధం కాదు. అందుకే నాకు మరీ ఒళ్ళు మండింది.

చివరికి ఆయనే ఒక దారి చూపించారు. రైతులు పీరునెత్తడం కోస్తా పిల్లలకి కట్టుకథలా ఉంటుంది. పుస్తకం వెనక ఒక పేజీ వేద్దాం. నిజంగా ఎత్తే మనిషి పేరు, ఊరు, ఫోటో. అది ఉంటే ఆ అధ్యాయం ఉంచుతాను, నవలనూ ఎంపిక చేస్తాను, ఎవరైనా వస్తే చూపించుకుంటాను. ఫోటో లేకపోతే అధ్యాయం లేదన్నారు.

అదెంత పని, నేనే వెళ్ళి తెస్తానన్నాను.

శంషాబాద్ బజారు

సబియా మర్నాడు పొద్దున్న శంషాబాద్ బజార్లో చాయ్ హోటల్ ముందు నా కోసం నిలబడి ఉంది. సన్నటి మనిషి, నవ్వు మాత్రం పెద్దది. చాయ్‌లో ఉస్మానియా బిస్కెట్ ముంచి, అది విరిగి పడకముందే నోట్లో వేసుకోవడం నేర్పింది. నాకు రెండు పడిపోయాయి. చాయ్ ఇరవై రూపాయలు. ఎయిర్‌పోర్టు లోపల ఇదే చాయ్‌కి ఎంత అడుగుతారో ఆమె చెప్తే నమ్మలేదు, రసీదు తెస్తానంది.

ఇంట్లో ఉర్దూ కదా, తెలుగులో ఎందుకు రాస్తున్నావమ్మా అనడిగాను. అందరూ ఇదే అడుగుతారేమో, జవాబు తయారుగా ఉంది. "సర్కారు బడిల తెలుగు మీడియం మేడం. అమ్మతోని ఉర్దూల కొట్లాడ్త. నాతోని నేను కొట్లాడాల్నంటే తెలుగే."

తండ్రి టైల్స్ పరిచే మేస్త్రీ. ఎయిర్‌పోర్టు చుట్టూ లేచిన ఇళ్ళల్లో సగం నేలలు తనవేనంటాడట. ఈ పుస్తకం అచ్చయితే మొదటి ప్రతి ఆయనకివ్వాలని ఉంది, ఆయనకి తెలుగు చదవడం రాదు, చదివి వినిపిస్తానంది. నువ్వు పీర్లను నమ్ముతావా అనడిగితే, మీరు నమ్ముతరా అని నన్నే అడిగింది. నమ్మకపోయినా ఎక్కడ కనిపించినా దణ్ణం పెడతానన్నాను. మా వైపు మేరీమాత కొండకి వెళ్ళి తలనీలాలిచ్చే హిందువులు బోలెడుమంది, మా పిన్నితో సహా. సబియా నవ్వి, అయితే మీరు గూడ రేష్మనే మేడం అంది.

కొత్తూరు దారిలో

కొత్తూరు వెళ్ళే బస్సెక్కి, ఊరు రాకముందే దిగి లోపలికి నడిచాం. హైవే పక్కన ఫ్యాక్టరీల రేకుల షెడ్లు, వాటి వెనక ప్లాట్ల రంగు జెండాలు. జెండాల మధ్య అక్కడక్కడా ఇంకా అమ్ముడుపోని పొలం, అందులో టమాటా. ఆ ఊరి పేరు రాయను. ఎందుకో మీకే తెలుస్తుంది.

పీర్ల కొట్టం అంటే నేను ఏదో పెద్ద కట్టడం అనుకున్నాను. పెంకులు కప్పిన ఒంటి గది, తాళం. పీర్లు లోపల పెట్టెలో ఉన్నాయి, మొహర్రం వస్తే గానీ బయటికి రావు. ముందర నిప్పుల గుండం తాలూకు గుంట, దాన్ని అలావ అంటారు, అందులో పాత బూడిద, రెండు చిప్స్ కవర్లు. కొట్టానికి ఆనించి వెనకాల ఏదో వెంచర్ వాళ్ళ కొత్త ప్రహరీ.

యాదయ్య ఆ పక్కింట్లోనే ఉంటాడు. భూమి చాలామటుకు ప్లాట్లయింది, మిగిలిన ముక్కలో ఆకుకూరలు వేస్తాడు. సబియా బాపూ అంది, ఆయన బిడ్డా అన్నాడు, ఇక నన్ను ఎవరూ పట్టించుకోలేదు. సబియా నాయనమ్మ వాళ్ళే ఆ పీరుకు దట్టీ కట్టేవాళ్ళు.

అడిగీ అడగకముందే చెప్పుకుపోయాడు. తాత ఎత్తాడు, తండ్రి ఎత్తాడు, ఇప్పుడు తాను. ఊదు పొగ, బెల్లం కలిపిన మలీద ముద్దలు, ఎండుకొబ్బరి కుడుకల దండలు, అలావ చుట్టూ ఆటలు, అన్నీ. ఆ పది రోజులూ కాళ్ళకి చెప్పులుండవు, ఇంట్లో మాంసం ఉండదు. మరి మీ ఇంటి దేవుడు ఎవరండీ అంటే మల్లన్న అన్నాడు, అందులో వింతేముందన్నట్టు. "ఎత్తుకున్నంక బరువు తెల్వదమ్మా. దించినంక తెలుస్తది" అని తన భుజం తనే తడుముకున్నాడు. కొట్టం తలుపు దగ్గర నిలబెట్టి ఫోటో తీశాను. మంచి ఫోటో. ఆ భుజం, ఆ తాళం, ఆ నవ్వు. ప్రసాదరావు గారి మొహాన కొట్టడానికి ఇది చాలనుకున్నాను.

ఆయన భార్య నర్సమ్మ జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. మా వైపు పులుసంటే పొయ్యి మీద కాగాలి. ఇక్కడ చింతపండు పిసికి, ఉల్లిపాయా పచ్చిమిర్చీ వేసి పచ్చిగానే పోశారు. మూడోసారి పోయించుకున్నాను. అప్పుడడిగింది నర్సమ్మ, ఆ ఫోటో ఎక్కడికి పోతుందని. పుస్తకంలో వస్తుందని గొప్పగా చెప్పాను, పేరుతో సహా.

ఆమె గిన్నె కింద పెట్టింది. "ఏమనుకోకు అక్కా. గది తీసెయ్యి."

కొడుకు కొత్తూరులో ఫ్యాక్టరీకి వెళ్తాడు. ఎవరో తండ్రి పీరునెత్తుకున్న ఫోటో తీసి వాళ్ళ ఫోన్లలో తిప్పారు. అప్పట్నించీ తోటివాళ్ళు వాణ్ణి సొంత పేరుతో పిలవడం మానేసి, ఒక తురక పేరు పెట్టి పిలుస్తున్నారు. నవ్వుతూనే. వాడు ఇంటికొచ్చి తండ్రిని ఎత్తవద్దనలేదు. ఎత్తు నాయినా, గని ఫోటోల పడకు అన్నాడు.

నేనూరుకుంటానా. తప్పు పని కాదు కదా, తప్పు కానప్పుడు ఎందుకు దాచుకోవాలి, మీరు దాక్కుంటే వాళ్ళదే పైచేయి కాదా అని నా ఉపన్యాసం నేనిచ్చాను. యాదయ్య ఇంకో రొట్టె తుంచుకున్నాడు. నర్సమ్మే అంది.

"తప్పు కాదు గనుకనే ఏటేటా ఎత్తుతుండు. నువ్వు పుస్తకం జేసి నీ ఊరికి నువ్వు పోతవు. వాడు పొద్దుగాల డ్యూటీకి పోవాలె."

ఫోటో తీసేశాను. నా చేతగానితనం తెలిసి సబియా ఫోను తీసుకుని, తీసేసినవి పడుండే చోటి నుంచి కూడా తీసేసి, నర్సమ్మకి చూపించింది. తన పుస్తకాన్ని నిలబెట్టే ఫోటోను ఆ పిల్ల తన వేలితోనే తుడిచేసింది.

తిరుగు బస్సులో సబియా చెప్పింది. వాళ్ళ అన్న కూడా తనకు అదే మాట చెప్పాడట. పో, చూడు, గని ఫోటోలు పెట్టకు, నన్ను మసీదు కాడ అడుగుతున్నరు అని. "బాపు కొడుకు, మా అన్న ఒక్కనాడు ఎదురుపడి మాట్లాడుకోలే మేడం. ఒక్కటే మాట చెప్తున్నరు."

నేను చూశాను కదా, నా మాట చాలదా, నేను చెప్తాను పద అన్నాను. అప్పుడు నిజంగానే చాలుతుందనుకున్నాను.

కార్తీక సోమవారం

సోమవారం పొద్దున్న హోటల్ ముందు హాలులో కుండీలో ఉసిరి మొక్క పెట్టి, చుట్టూ దీపాలు వెలిగించారు. పట్టుచీరల్లో హోటల్ ఆడపిల్లలు విమానం దిగి వచ్చిన వాళ్ళకి బొట్టు పెడుతున్నారు. నాకూ పెట్టారు. ప్రసాదరావు గారు నక్షత్రం చూసేదాకా మంచినీళ్ళు కూడా ముట్టరట. అది ఆయన ఇష్టం, నేనేమీ అనలేదు. అనలేదన్న సంగతి గమనించమని మనవి.

ఫోటో ఏదన్నారు. జరిగింది చెప్పాను. ఆ మనిషిని చూశాను, విన్నాను, వాళ్ళింట్లో తిన్నాను, కావాలంటే వెనక పేజీలో నా పేరు వేసి నా మాటగా రాయండన్నాను. ఆయన నన్ను నమ్మారు. అదే కష్టం. "మిమ్మల్ని నమ్ముతానండీ. గేటు దగ్గరికొచ్చేవాళ్ళు నమ్మరు కదా. అయినా ఎత్తేవాళ్ళే భయపడుతుంటే బళ్ళెందుకు ధైర్యం చేస్తాయి?"

దీనికి నా దగ్గర జవాబు ఉండాలి. నాకు ఎప్పుడూ ఉంటుంది. అప్పుడు మాత్రం మంచినీళ్ళ గ్లాసు అందుకున్నాను.

సబియాను లోపలికి పిలిచారు. షిఫ్టుకు పోవాలి కాబట్టి యూనిఫాంలోనే వచ్చింది. ఆయన మెత్తగానే చెప్పారు. నీ కథ చాలా గొప్పదమ్మా, మొదటి నవల కంటే నిజానికి ఇదే మంచిది, పీర్ల అధ్యాయం తీసేసి ఊరి జాతర అందాం, రేష్మ బదులు చిన్ని అందాం, చిన్ని ఏ ఇంటి పిల్లైనా కావచ్చు, అందరు పిల్లలూ తమ పిల్లే అనుకుంటారు, ఒప్పుకుంటే వచ్చే నెలలోనే అచ్చు.

సబియా నవ్వింది, చాయ్ దగ్గర నవ్విన నవ్వు కాదు.

"అయితే రాసినామె పేరు గూడ తీసెయ్యుండ్రి సార్. పిల్లకు లేని మతం నాకెందుకు?"

ఎత్తిపొడుపు అని గోడలకి కూడా తెలిసింది. నాకు లోపల హాయనిపించింది, ఇప్పుడు చెప్పండి పెద్దమనిషీ అనుకున్నాను. మాధురి తలొంచుకుని ఆ మాట కూడా రాసుకుంటోంది. ప్రసాదరావు గారి మొహం మాత్రం విచ్చుకుంది. నిజంగా, పెద్ద బరువు దిగినట్టు.

"కలం పేరు పెట్టుకుంటావా అమ్మా? మంచిది. అది నిన్నెలా అడగాలా అని రెండు రోజులుగా మథనపడుతున్నాను."

విమానం కూడా వెళ్ళలేదు, మమ్మల్ని కాపాడటానికి.

సబియా బల్ల మీది కాగితాలు సర్దుకుని సంచిలో పెట్టుకుంది. వద్దు సార్ అని ఒక్క ముక్క. తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, జర నీళ్ళన్న తాగుండ్రి సార్, మొకం గుంజుకపోయింది అంది. అందులో వెటకారం లేదు.

ఆ తర్వాత మంత్రం కుర్రాడి నవలను ఎంపిక చేస్తూ కాగితం నా ముందుకొచ్చింది. సంతకం పెట్టనన్నాను. పెట్టకపోతే ప్రపంచం ఆగుతుందనుకుని చాలా గట్టిగానే అన్నాను. ఫర్వాలేదండీ, ఇద్దరివి చాలు అన్నారు. మధ్యాహ్నం భోజనాల్లో నాకు బగారా అన్నం, దాల్చా వడ్డించి, మీరు రావడం వల్ల చర్చ బాగా జరిగిందని మాధురి మెచ్చుకుంది. దాల్చా బాగుంది. అది కూడా నాకు కోపం తెప్పించింది.

బస్టాపు

ఊరెళ్ళే బస్సు కోసం రోడ్డు మీద నిలబడితే సబియా డ్యూటీ మధ్యలో పర్మిషన్ అడిగి వచ్చింది, ఉస్మానియా బిస్కెట్ల డబ్బా పట్టుకుని. నేను ఆ పుస్తకం వేరే వాళ్ళకి చూపిస్తాను, విజయవాడలో నాకు తెలిసిన వాళ్ళున్నారు, వదలనన్నాను. మీరు మంచిగ కొట్లాడిన్రు మేడం అంది. అది నన్ను ఓదార్చడమని తెలిసి ఇంకా చిన్నబోయాను. నేను ఓదార్చాల్సిన చోట ఆ పిల్ల ఓదారుస్తోంది.

ఇప్పుడేం రాస్తావమ్మా అనడిగాను.

"కుక్క కథ రాస్త మేడం. పార్కింగుల ఒక కుక్కున్నది, రోజు దిగెటోళ్ళను వాసన చూసి చూసి వాపస్ వస్తది. ఎవరి కోసమో ఎదురుచూస్తది. దానికైతే మతం అడగరు గద."

"అడగరు," అన్నాను. "పేరేం పెట్టావని అడుగుతారు."

బస్సు దూరంగా మలుపు తిరుగుతోంది. సబియా బిస్కెట్ల డబ్బా నా చేతిలో పెట్టింది.

"ఇంక పెట్టలే," అంది.